గుండ్లవారి ఫెర్మియాన్లు

మా శంషాబాద్ జూనియర్ కాలేజీలో గుండ్ల హరిప్రసాద్ ఫిజిక్స్ చెబుతుంటే, పక్క గదిలో నా కెమిస్ట్రీ పిల్లలు కూడా అటే చెవి పెట్టేవాళ్లు. కొన్ని కణాలకు శాస్త్రవేత్తల ఇంటిపేర్లే పెట్టారని మొదలుపెట్టేవాడు. ఫెర్మీ పేరున ఫెర్మియాన్లు, బోస్ పేరున బోసాన్లు. ఒకే రకం ఫెర్మియాన్లు రెండు ఒకే స్థితిలో ఇమడవు. బోసాన్లు ఎన్నైనా ఇముడుతాయి.

"మన దగ్గర ఒక్క ఇంటిపేరోళ్లు పెండ్లి చేసుకుంటరా? చేసుకోరు. ఫెర్మియాన్ గట్లనే," అనేవాడు. బోసాన్లకు ఉదాహరణ మైలార్‌దేవ్‌పల్లి పోయే షేరింగ్ ఆటో. అతని కూతురు నిర్మల కూడా ఆ బెంచీల మీద కూర్చునే ఈ పాఠం విన్నది.

ఆ నిర్మలే ఇప్పుడు ఎయిర్‌పోర్టు కార్గోలో పనిచేసే గుండ్ల మహేష్‌ను చేసుకుంటానంది. హరిప్రసాద్ అన్నం మానేశాడు. పిల్లకు నచ్చజెప్పమని నన్ను ఇంటికి పిలిచాడు, నేనేదో పెద్ద మాటకారినైనట్టు.

గుండ్లవాళ్లంతా పాలోళ్లేనని, అంటే ఒకే వంశపు దాయాదులని, మహేష్ ఆమెకు అన్న వరస అవుతాడని అతని వాదన. నిర్మల గొంతు పెంచలేదు. పాలోళ్లలో ఎవరు పోయినా మనకు మైల కదా, మరి నిరుడు మహేష్ తాత పోయిన రోజే మనింట్లో మటన్ ఎందుకు వండుకున్నాం అని అడిగింది. నిజమే. ఆ మటన్ నేనూ తిన్నాను.

ఇంకొకడైతే అక్కడితో ఆగేవాడు. ఇతను లేచిపోయి బోరు కింద తలస్నానం చేసి వచ్చాడు. నిరుడు పోయిన ముసలాయనకు ఇప్పుడు మైల స్నానం!

"ఇగ అయిపోయింది. మనం పాలోళ్లమే," అన్నాడు నీళ్లు కారుతున్న తలతో. పిల్ల ఏడుస్తోంది, అతను అటు చూడనైనా లేదు. నాకు ఒళ్లు మండింది.

నిర్మల కళ్లు తుడుచుకుంది.

"సరే బాపు. ఆయన నాకు అన్ననే. తుక్కుగూడ భూమి తాతలదే గద, ఆయనకు గూడ అండ్ల పాలు పంచియ్యి."

రింగ్ రోడ్డును ఆనుకుని ఉన్న భూమి అది. హరిప్రసాద్ నావైపు చూశాడు. దిగుతున్న విమానాన్ని నేను కిటికీలోంచి చూశాను.

సాయంత్రం నన్ను వెంటబెట్టుకుని మహేష్ వాళ్లింటికి పోయాడు. మహేష్ తండ్రి గోపయ్యను ఇన్నేళ్లూ అన్నా అనే పిలిచేవాడు. ఇప్పుడు ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు.

"మీ గుండ్లోళ్లు వేరు, మా గుండ్లోళ్లు వేరు, బావా," అన్నాడు.