సెలూన్ అద్దాల కరెంటు

ఎమ్మిగనూరులో ఏది దొరక్కపోయినా ఎండ దొరుకుతుంది. అడక్కుండానే వచ్చి వాకిట్లో కూర్చుంటుంది, పొమ్మన్నా పోదు. పుట్టి పెరిగింది కడప కాబట్టి మహిమకు ఎండ మీద ప్రత్యేకించి కోపమేమీ లేదు. ఆమె కోపమంతా మొగుడి మీద.

నెహెమ్యా ఐ.టి.ఐ.లో ఫిట్టరు పని నేర్పే మాస్టరు. వేసవి సెలవులు ఇవ్వగానే తక్కిన మాస్టర్లు అత్తగారిళ్లకు పోతే ఇతను మిద్దె ఎక్కాడు. బస్టాండు దగ్గర ఒక సెలూను వాళ్లు షోకులు మార్చుకుంటూ పాత అద్దాలు తీసేస్తుంటే, అన్నీ ఆటోలో వేసుకొచ్చాడు. అవి చాలవని మహిమ బీరువాకున్న నిలువుటద్దం కూడా ఊడదీశాడు. అద్దాలన్నీ ఇనుప చట్రాలకు బిగించి, వాటి వెలుగంతా నల్లరంగు పూసిన రాగి గొట్టపు చుట్ట మీద పడేలా వంచాడు. గొట్టంలో నీళ్లు మరిగి ఆవిరవుతాయి. ఆవిరి పాత మోపెడ్ ఇంజన్ను తోస్తుంది. ఇంజను కారు డైనమోను తిప్పుతుంది. డైనమో కరెంటు ఇస్తుంది.

కాగితం మీద ఎక్కడా తప్పు లేదు. మహిమ చదివింది కూడా బీఎస్సీ ఫిజిక్సే, తప్పు దొరికితే బాగుండునని వెతికి మరీ చూసింది. చిక్కల్లా ఒకటే. ఆ మిద్దె ఆమెకు కావాలి.

ఆ వేసవిలో రోజూ అన్నాలవేళ దాటగానే కరెంటు తీసేస్తున్నారు. పైన మిద్దె పెనంలా కాలుతుంటే కింద ఇంట్లో మనుషులు రొట్టెల్లా అటూ ఇటూ పొర్లుతున్నారు. పక్కింటి మాబూబీ మాత్రం రంజాన్‌కు ముందే ప్రభుత్వ రాయితీలో సోలార్ పలకలు, బ్యాటరీ పెట్టించుకుంది. ఊరంతా ఉడుకుతున్నవేళ ఆమె ఫ్యాను కింద గుర్రు పెట్టి నిద్రపోతుంది. ఆ గుర్రు గోడ ఇవతలికి స్పష్టంగా వినబడుతుంది. మహిమను నిద్రపోనివ్వనిది ఉక్క కంటే ఆ గుర్రే.

మహిమ కూడా దరఖాస్తు పెట్టింది. మంజూరైంది. పలకలు బిగించే మేస్త్రీ కంబన్న ఫోను చేశాడు.

"అక్కా, సోమారం వస్తాండాం. మిద్దె ఖాళీ జేసి పెట్టు. లేకుంటే మీ సామాను ఇంకొకరింటికి ఏసేస్తాం. మళ్లా ఎప్పుడొస్తాదో నేను జెప్పలేను."

ఆ మాట మొగుడికి చేరవేస్తే అతను ఇంజను మీదనుంచి తలెత్తలేదు.

"దుకాణంలో కొని తగిలించుకునేదానికి తెలివి ఏమిటికి మహిమా? దుడ్లుంటే సాలు. ఇది మనం పుట్టిచ్చే కరెంటు."

"మనం అనొద్దు. నన్ను గలపొద్దు దాంట్లో."

"ఆవిరితో రైళ్లే నడిచినాయి."

"నేను రైలు అడగలేదయ్యా, ఫ్యాను అడుగుతాండా."

"తిప్పుతా."

"ఎప్పుడు? పునరుత్థాన దినానా?"

చర్చికి పోయేవాడు కాబట్టి ఆ మాట తగిలింది. సోమవారం లోపల ఇంజను కరెంటుతో హాల్లో ఫ్యాను తిరిగితే మహిమ ఇక సోలార్ ఊసెత్తకూడదు, తిరక్కపోతే అద్దాలు దించెయ్యాలి అని ఒప్పందం అయింది. ఒప్పుకున్న మరుక్షణమే ఆమెకు దిగులు పట్టుకుంది. మొండివాడితో పందెం వెయ్యకూడదని తెలిసీ వేసింది.

మొదట బోరు నీళ్లు పోశాడు. గొట్టం లోపలంతా సున్నం లాగా ఉప్పు పేరుకుని ఆవిరికి దారి లేకుండా పోయింది. దాన్ని గీకి, కడిగి, ఈసారి మినరల్ వాటర్ క్యాన్లు మోసుకెళ్లాడు. ఇంట్లో మనుషులు బోరు నీళ్లు తాగారు, ఇంజను మినరల్ వాటరు తాగింది.

"దానికి జీరకర్ర నీళ్లేమన్నా కాంచి ఇయ్యాలా?" అంది మహిమ మెట్ల మీద నిలబడి.

"వద్దులే, చల్లనివే సాలు," అన్నాడు నెహెమ్యా. ఎగతాళి కూడా తగలని మనిషితో కాపురం ఎంత కష్టమో ఎవరికి చెప్పుకోవాలి?

ఆదివారం చర్చి నుంచి వచ్చి, పెళ్లి చొక్కా లాంటి తెల్ల చొక్కా కూడా విప్పకుండా మిద్దెక్కాడు. కాసేపటికి పైనుంచి ముసలి దగ్గులాంటి చప్పుడొకటి, దాని వెనకే కేక. "మహిమా! పట్టుకున్నాది! తొందరగా రా!"

ఆమె వెళ్లేసరికి ఇంజను తిరుగుతోంది. చిన్నగా, మూలుగుతూ, కానీ తిరుగుతోంది. కింద హాల్లో పెట్టిన పన్నెండు వోల్టుల టేబుల్ ఫ్యాను కూడా తిరుగుతోందని ముందే చూసి వచ్చింది.

"నేను వాల్వు వదిలి రాలేను," అన్నాడు అతను. "నువ్వు అద్దాలు తిప్పాల. సూర్యుడు ఒక తావున నిలబడడు గదా. వెలుగు గొట్టం మీదనుంచి జరిగితే మళ్లా కొంచెం తిప్పు. అంతే పని."

అంతే పని. మహిమ తడి తువ్వాలు నెత్తిన వేసుకుని అద్దాల వరుస మధ్య నిలబడింది. ఏ అద్దంలో చూసినా తనే. ఎర్రబడిన ముఖాలతో ముప్ఫైమంది మహిమలు, ఒక్కతె కూడా నవ్వడం లేదు. ఒక వరుస తిప్పేసరికి అంతకు ముందు తిప్పిన వరుస వెలుగు గొట్టం మీదనుంచి జరిగిపోతోంది.

కింద హాల్లోంచి మాబూబీ గొంతు వినబడింది. వింత చూద్దామని వచ్చి తీరిగ్గా కూర్చున్నట్టుంది. "మహిమమ్మా! శానా సల్లగుండాది! నువ్వు గూడా రా, ఈడ ఎవరూ ల్యారు!"

మహిమ చేతిలో చట్రం ఆగిపోయింది. తను ఎండలో నిలబడి అద్దాలు తిప్పితే, సొంతింట్లో ఫ్యాను ఉన్న మాబూబీకి మహిమ హాల్లో కూడా గాలి వస్తోంది. నాలుగు అసహ్యకరమైన మాటలు నోటిదాకా వచ్చాయి. ఆదివారం కాబట్టి మింగేసింది.

"గెలిచినావయ్యా," అంది తువ్వాలు తీసి మొగుడి నెత్తిన వేస్తూ. "ఒప్పుకున్నా. ఇంక ఫ్యాను కింద కూర్చునే పని నాది."

"మరి అద్దాలు?"

"నువ్వే గదా పుట్టిచ్చేది."

కిందికి వచ్చి మాబూబీ పక్కన కూలబడింది. ఫ్యాను కాస్త మందగించగానే, "తగ్గిపోతాండాదీ!" అని కేక వేసింది. పైన అడుగులు వాల్వు దగ్గర్నుంచి అద్దాల దగ్గరకు పరుగెత్తాయి. ఫ్యాను పుంజుకుంది. కాసేపాగి, ఏమీ తగ్గకపోయినా మళ్లీ అదే కేక వేసింది.

"అయ్యో పాపమే," అంది మాబూబీ కొంగుతో నోరు మూసుకుని. "తిరుగుతానే ఉండాది గదమ్మా."

"ఆయనకు తెలీదు గదక్కా."

నవ్వు వచ్చింది గానీ నిలవలేదు. రేపు కంబన్న వస్తాడు, మిద్దె నిండా అద్దాలు చూస్తాడు, పలకలు బండిలోంచి దించకుండానే పోతాడు. తను ఇలా ఎన్ని కేకలు వేసినా పందెం పోయింది పోయిందే.

నెహెమ్యా దిగివచ్చినప్పుడు చర్చి చొక్కా వీపుకు అంటుకుపోయి ఉంది. చెంబెడు నీళ్లు ఎత్తిన చెంబు దించకుండా తాగి, గోడకానుకుని కూర్చుని, "మనిషితో అయ్యే పని గాదు ఇది," అన్నాడు. "అద్దాలు తిప్పేదానికి మోటారు పెట్టాల."

"మోటారుకు కరెంటు?" అంది మహిమ.

"అదే ఆలోచన చేస్తాండా. ఇంజను కరెంటు దానికి ఇస్తే ఫ్యాను నిలబడిపోతాది. వేరే కరెంటు గావాల." గొంతు కొంచెం తగ్గించాడు. "ఒక చిన్న సోలార్ పలక... అద్దాలు తిప్పేదానికి మాత్రమే."

మాబూబీ గబుక్కున లేచి వంటింట్లోకి పోయింది, నీళ్లకన్నట్టు. మహిమ నవ్వలేదు. నవ్విందంటే అంతా పోతుంది. ఫోను తీసి కంబన్న నంబరు నొక్కింది.

"చిన్నవి ల్యావంట," అంది ఫోను అటువైపు ఇంకా మోగుతుండగానే. "ఉండేవన్నీ పెద్దవే. మిద్దె పట్టినన్ని ఏస్తారు."

"అద్దాలు తిప్పేదానికి అన్నెందుకు?"

"ఒకటి చెడిపోతే ఇంకొకటి ఉంటాదిలే."

నెహెమ్యా ఆలోచించాడు. ఫిట్టరు మాస్టరుకు ఆ మాట సబబుగానే తోచింది. "అయితే అవి బిగించేదాంక అద్దాలు పక్కకు తియ్యాలేమో," అంటూ స్పానరు పట్టుకుని మళ్లీ మెట్లెక్కాడు.

పైన మరలు ఊడుతున్న చప్పుడు మొదలయ్యేదాకా మహిమ కదల్లేదు. తిప్పేవాళ్లు లేక ఫ్యాను ఆగిపోయింది. కరెంటు రావడానికి ఇంకా ముప్పావు గంట ఉంది.