తనంతట తానే తోడుకునేది

“వేర్లె, నువ్వు అలా కూర్చుని కాఫీ తాగుతూ ఉండు. ఇంజన్ సంగతి మేం చూసుకుంటాం,” అన్నాడు డిర్క్, భార్య భుజం తట్టి.

వేర్లె కాఫీ మిషన్ పక్కనున్న ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. డిర్కూ, దుకాణం నడిపే స్టైనూ నీళ్ళు జోరుగా చిమ్మే ఒక పెట్రోలు ప్రెషర్ వాషర్ చుట్టూ సంతలో ఆవును చూస్తున్నట్టు తిరుగుతున్నారు. డిర్క్ దాని ఇంజన్ మీద చెయ్యేసి నిమిరాడు కూడా. ఈ మిషన్‌తో కార్లు కడగబోయేది తనే అయినా, స్టైన్ ఆమెను అడిగింది ఒక్కటే, పాలు పొయ్యమంటారా వద్దా అని.

ఈజెగెమ్ చుట్టుపక్కల ఊళ్ళలో ఇళ్ళ దగ్గరికే వెళ్ళి కార్లు లోపలా బయటా తళతళలాడేలా చేసి ఇవ్వడం వాళ్ళ పని. వాన్ మీద నీలం అక్షరాల్లో డిర్క్ పేరుంటుంది. వాన్ నడిపేది డిర్క్, ఫోను ఎత్తేది డిర్క్, ఇంటివాళ్ళతో కూర్చుని సైకిల్ పందేల గురించి మాట్లాడేదీ డిర్కే. చక్రాల పక్కన మోకాళ్ళ మీద కూర్చుని బురద వదలగొట్టేది, కుక్క వెంట్రుకలు సీట్లలోంచి పీకేది, పిల్లలు కక్కిన చోట ముక్కు మూసుకోకుండా రుద్దేది వేర్లె. మొదట్లో పని డిర్క్‌దే. నడుములో డిస్కు జారి మంచం పట్టినప్పుడు, పాపం మనిషి ఎంత విలవిల్లాడుతున్నాడో అని ఆమె హోస్ అందుకుంది. కాస్త కోలుకునేదాకా అనుకుంది. నడుము బాగైంది, ఆదివారాలు సైకిల్ మీద గుట్టలెక్కి దిగేంత బాగైంది. హోస్ మాత్రం ఆమె చేతిలోనే ఉండిపోయింది. ఎందుకుండిపోయిందని ఇద్దరిలో ఎవరూ అడగలేదు, అడగకపోవడం డిర్క్‌కు హాయిగా ఉంది, ఆమెకు అలవాటైపోయింది.

చట్టంలో ఆమెలాంటి వాళ్ళకొక పేరుంది, సాయపడే భార్య అని. లెక్కలు చూసేవాడు ఆ మాట చదివినప్పుడు వేర్లెకు నవ్వొచ్చింది, ఇంటికొచ్చాక ఏడుపొచ్చింది. “మాటలదేముందే, మనకు మనం తెలీదా?” అన్నాడు డిర్క్. వాళ్ళమ్మ ఆగ్నెస్ అయితే చుట్టాలందరి ముందూ, “ఆ నడుముతో మా వాడు ఎంత చాకిరీ చేస్తాడో నాకే తెలుసు. వేర్లె కూడా ఓ చెయ్యేస్తుందిలెండి, పాపం,” అంటుంది. ఆవిడ పుట్టినరోజు నాడు కేకు కోస్తుంటే, పగుళ్ళు తేలిన కోడలి వేళ్ళు చూసి, “నలుగురిలో ఉన్నప్పుడు చేతులు బల్ల కింద పెట్టుకోమ్మా,” అని చెవిలో చెప్పింది. వేర్లె పెట్టుకుంది. అలా పెట్టుకున్నందుకు ఇప్పటికీ తన మీద తనకే ఒళ్ళు మండుతుంది.

“నేనొక్కదాన్నే వెళ్తాలే, నువ్వు ఇంట్లో ఉండు,” అని ఎన్నోసార్లు అనిచూసింది. “ఎలా వెళ్తావ్? నీళ్ళ ట్యాంకు వాన్‌లో ఉంది, నీ చిన్న కారులో పట్టదు. వాన్ నీ చేతికిస్తే క్లచ్ కాల్చేస్తావ్!” అనేవాడు. అక్కడితో ఆ మాట ఆగిపోయేది. నీళ్ళు ఉన్న చోటే వాన్, వాన్ ఉన్న చోటే డిర్క్. ఈ రోజు పెట్రోలు మిషన్ కొంటే దానికి ఇంకా పెద్ద ట్యాంకు కావాలి, ట్యాంకుకు తగ్గ ఇంకా పెద్ద వాన్ కావాలి. ఇక జన్మలో తను ఒంటరిగా ఒక్క కారైనా కడగడం కుదరదు.

పోయిన వారం లాంబ్రెక్ట్ గారింట్లో, కారు నిండా నురుగు పట్టించాక పాత మిషన్ దగ్గి ఆగిపోయింది. డిర్క్ ఎవరెవరికో ఫోన్లు చేస్తూ వాన్‌లో కూర్చున్నాడు. లాంబ్రెక్ట్ గారి భార్య బయటికొచ్చి, “ఎంతసేపు నిలబడతావమ్మా? ఇదిగో, వానబావి మూత తీసి బకెట్లతో తోడుకో,” అంది. అక్కడి ఇళ్ళ కింద, కప్పు మీది వాన నీళ్ళు నిలవచేసే బావి ఉంటుంది. వేర్లె తోడింది, పోసింది. తీరా ఆరాక చూస్తే కారు మీద ఒక్క తెల్ల మచ్చ లేదు. కుళాయి నీళ్ళయితే సున్నం చారలు పడతాయి, ఆరకముందే పరుగులు పెట్టి తుడవాలి. “అసలు నీళ్ళు మోసుకుంటూ తిరగడం ఎందుకు మీరు? ఏ ఇంటి కింద చూసినా వాన నీళ్ళే కదా!” అందావిడ. ఆ మాట వారమంతా వేర్లె బుర్రలో తిరుగుతూనే ఉంది.

ఆమె కప్పు పక్కన పెట్టి లేచింది. గోడవారగా, చిన్న చక్రాలతో అలాంటిదే ఒక కరెంటు మిషన్ ఉంది.

“స్టైన్ గారూ, ఇది బావిలోంచి నీళ్ళు తోడుకుంటుందా?”

స్టైన్ ఇటు తిరిగాడు. “ఆఁ, అది తనంతట తానే తోడుకుంటుంది మేడమ్. బావిలోకి గొట్టం వదిలితే చాలు. మీ ఆయన చూస్తున్న దానికైతే ట్యాంకులోంచి నీళ్ళు తోసి ఇవ్వాలి.”

“కార్లకు దీని జోరు సరిపోతుందా?”

“కార్లకే అయితే బోలెడు. ఆ పెద్దది ట్రాక్టర్లు కడిగేవాళ్ళు కొంటారు.”

“అది బొమ్మలా ఉందే!” అన్నాడు డిర్క్ నవ్వుతూ. “నలుగురూ చూస్తే ఏమనుకుంటారు?”

వేర్లె మిషన్ పిడి పట్టుకుని ఎత్తింది. లేచింది. ఆ బరువు చేతికి తెలిసిన క్షణంలో ఆమెకు భయం, సంతోషం కలిసే వచ్చాయి. బావి ఇంటివాళ్ళది, కరెంటు ఇంటివాళ్ళది, మిషన్ తన చేతిలో పట్టేది. ట్యాంకు అక్కర్లేదు. ట్యాంకు లేకపోతే వాన్ అక్కర్లేదు. ఆ తర్వాతది ఇన్నాళ్ళూ మనసులో కూడా అనుకోలేదు, ఇప్పుడు అనుకుంది.

“నాకిది కావాలి,” అంది.

“ఏంటే, ఒక్క మాటైనా అడగవా? దీన్ని వాన్‌లో ఎక్కడ బిగిస్తాం?”

“వాన్‌లో కాదు, నా కారులో పెడతాను. సోమవారం నుంచి నేనే వెళ్తాను డిర్క్, ఒక్కదాన్నే.”

డిర్క్ స్టైన్ వైపు చూశాడు. స్టైన్‌కు అప్పుడే ఏదో ఫోన్ చూసుకోవాల్సిన పని పడింది. “అమ్మకేం చెప్పను?” అన్నాడు డిర్క్, కాస్త గొంతు తగ్గించి. అతని ముఖంలో కోపం కన్నా కంగారే ఎక్కువగా ఉంది. వేర్లెకు జాలేసింది. ఇన్నేళ్ళూ ఆ జాలి వేసినప్పుడల్లా ఆమె వెనక్కి తగ్గేది. ఈసారి జాలి జాలిగానే ఉండిపోయింది, కాళ్ళు మాత్రం కౌంటరు వైపు నడిచాయి.

వాన్ సర్వీసులో ఉండటంతో ఇద్దరూ ఆమె చిన్న కారులోనే వచ్చారు. వేర్లె వెనక సీట్లు మడిచి మిషన్ పెట్టె ఎక్కించింది, దాని పక్కన హోస్ చుట్ట ఇరికించింది. బావిలోకి వదిలే లావుపాటి గొట్టం ఎంత వంచినా వెనక పట్టలేదు. దాన్ని ముందు సీటులోకి తోసి తలుపు వేసింది.

సన్నగా జల్లు మొదలైంది. డిర్క్ కారుకు అవతలి పక్క నిలబడి, గొట్టం వైపూ ఆమె వైపూ మార్చి మార్చి చూశాడు.

“మరి నేనెక్కడ కూర్చోవాలి?”

అతను ఎక్కడ కూర్చుంటే నడుము నొప్పెట్టదో, ఏ దిండు వెనక పెట్టాలో, ఎవరింట్లో ఏ కుర్చీ అతనికి సుఖమో ఇన్నేళ్ళూ చూసింది ఆమే. ఇప్పుడూ అలవాటుగా చెయ్యి గొట్టం తియ్యడానికి సగం దాకా వెళ్ళింది. వెళ్ళిన చేతిని వెనక్కి తీసుకుని వేర్లె స్టీరింగ్ ముందు కూర్చుంది.

“అది నువ్వే చూసుకో డిర్క్,” అంది, చాలా మామూలుగా.