ఆరో పాట ఎవరిది

"గోంగూర వలవడానికి ఇంతసేపా?" అంది మా అత్తగారు దుర్గాంబ.

ఆదివారం పొద్దున పదిన్నర. జగ్గయ్యపేటలో మా వంటింటి గుమ్మం దగ్గర ఇద్దరం గోంగూర కట్టలు ముందేసుకుని కూర్చున్నాం. నా చేయి నిజంగానే నెమ్మదించింది. ఒళ్ళో ఉన్న ఫోనులో, మా ఆల్బం వేస్తున్న చైతన్య హైదరాబాదు నుంచి పంపిన ఫారం తెరిచి ఉంది. ఎనిమిది పాటలు. ఒక్కో పాటకీ ఎదురుగా 'సంగీతం', 'రచన' అని రెండు గళ్ళు. సంగీతం గళ్ళలో రాజ్యశ్రీ, ఆస్మా అని మా ఇద్దరి పేర్లూ నింపేశాను. రచన గళ్ళు ఎనిమిదీ ఖాళీ. సాయంత్రంలోగా పంపాలి. అంతకంటే ముందు ఆరో పాట ఉంచాలా, తీసెయ్యాలా తేల్చుకోవాలి. తీసెయ్యమన్నది మా ఆయన కిషోర్‌బాబు.

ఇదంతా ఒక చీరతో మొదలైంది. నేను నందిగామలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాను. మూడేళ్ళ కిందట, స్కూలు వెనక వీధిలో ఫాల్స్, పీకో కుట్టే ఆస్మా కొట్టుకి చీర ఇవ్వడానికి వెళ్తే, అటక మీద పెద్ద డ్రమ్ము కనిపించింది. ఎవరిదని అడిగాను. "మా నాన్నదండి. ఇమాం బ్యాండంటే ఈ చుట్టుపక్కల పెళ్ళిళ్ళన్నిటికీ ఆయనే. చిన్నప్పుడు నేనూ నేర్చుకున్నా. పెద్దమనిషినయ్యాక ముట్టుకోనివ్వలా" అంది. నాకూ ఒకటి అలాగే మూలపడి ఉంది. కాలేజీ హాస్టల్లో రూమ్మేటూ నేనూ ఇయర్‌ఫోను చెరొకటి పెట్టుకుని పోస్ట్-పంక్ అనే సంగీతం తెగ వినేవాళ్ళం. అందులో గిటారు వెనక్కి తగ్గితే బేస్ గిటారు ముందు నడుస్తుంది. డ్రమ్ము అలుపు లేకుండా ఒకే దెబ్బ కొడుతుంది. గొంతు పాడదు, మొహం మీదే చెబుతుంది. ఆ పిచ్చిలో పాత బేస్ గిటారు ఒకటి కొనుక్కుని నేర్చుకున్నాను. పెళ్ళికి సామాను సర్దినప్పుడు అది మాత్రం పుట్టింట్లో ఉండిపోయింది. ఆస్మా డ్రమ్ము చూసిన వారమే వెళ్ళి తెచ్చి, కొట్టులోనే దాచుకున్నాను. దారిలో బస్సులో అందరూ "వీణా అండీ?" అని అడిగారు. అవునన్నాను. వీణైతే లేచి సీటిస్తారు.

స్కూలయ్యాక వారానికి మూడు రోజులు, గంటసేపు. ట్యూషనని ఇంట్లో చెప్పాను. ఆస్మా కొట్టు వెనక గదిలో చీరల మూటల మధ్య వాయిస్తే చప్పుడు వీధిలోకి పోదు. మా జోడీకి 'పీకో' అని పేరు పెట్టుకున్నాం. పాటలకి మాటలు కావలసి వచ్చినప్పుడు నేను వెన్నెల మీదా ఏటి ఒడ్డు మీదా రాసుకెళ్ళాను. ఆస్మా పడీపడీ నవ్వింది. "ఈ వెన్నెలేంటండీ బాబూ! రోజూ బస్సు దిగి ఎవరెవర్ని తిట్టుకుంటా వస్తారో అదే పాడండి."

అలాగే చేశాం. మొదటి పాట మా ప్రిన్సిపాలు మాట, "మేడమ్, మీరైతే సర్దుకుంటారు." ఏ టీచరు రాకపోయినా ఆ పీరియడు నాకే వేస్తాడు, సార్ల జోలికి పోడు. ఐదో పాట ఆస్మా వాళ్ళాయన రోజూ సాయంత్రం అడిగే "ఇవాళ కొట్టుకి ఎవరొచ్చారు?" మూడోది మా ఆయనది, "నీకేం, కూర్చునే ఉద్యోగం." రోజుకి ఏడు పీరియడ్లు నేను నిలబడే చెబుతానని ఆయనకి తొమ్మిదేళ్ళుగా తెలియదు.

ఆరో పాట పేరు 'మా ఇంట్లో'. పెళ్ళయిన దగ్గర్నుంచి మా అత్తగారి నోట ఆ మాట వినని రోజు లేదు. మా ఇంట్లో తాలింపులో ఇంగువ వెయ్యం. మా ఇంట్లో మంచం మీద కూర్చుని తల దువ్వుకోం. మా ఇంట్లో మగాళ్ళు తిని లేచాకే తింటాం. మొదటి ఏడాది విన్నప్పుడల్లా, మరి నేనెవరింట్లో ఉన్నట్టు అని ఏడుపొచ్చేది. తర్వాత అలవాటైంది. అలవాటైనందుకు ఇంకా ఏడుపొచ్చేది. పాటలో మాత్రం నేను ఏడవను, గొంతు కూడా పెంచను. ఆ నియమాలన్నీ ఒకదాని తర్వాత ఒకటి చెప్పుకుంటూ పోతాను. మిగతావాటికి చిన్న డ్రమ్ములు వాడినా, వాళ్ళ నాన్న పెద్ద డ్రమ్మును ఆస్మా వాయించింది ఈ ఒక్క పాటకే. రికార్డు చేస్తుంటే నాలుగో నిమిషంలో దాని తోలు పర్రున చిరిగింది. ఆ చప్పుడుతోనే పాట ఆగిపోతుంది. అంత పాత డ్రమ్ముకి సరిపడే తోలు మళ్ళీ ఎక్కడా దొరకలేదు. చైతన్యది ఇద్దరు మనుషులు అద్దె గదిలో నడుపుకునే చిన్న కంపెనీ. ఆ పాట విన్నాకే, "మీ మొదటి ఆల్బం మేమే వేస్తామండీ" అన్నాడు.

నిన్న మా ఆయనకి సంగతి చెప్పి అన్నీ వినిపించాను. మూడో పాటకి నవ్వాడు. "ఇది నేనేగా?" అన్నాడు, కాస్త గర్వంగానే. ఆరో పాట సగంలోనే మొహం మాడింది. "ఇది తీసెయ్ రాజ్యం. అవి మా అమ్మ మాటలు. నీ పేరేసుకుని ఊరందరికీ వినిపిస్తావా? తెలిస్తే ఆవిడ తట్టుకోగలదా?" చెడ్డవాడేం కాదు. తల్లంటే ప్రాణం, అంతే. నాకూ గిల్టీగానే అనిపించింది. ఆస్మాకి ఫోను చేస్తే, "మీ ఇష్టమండీ. తీసేస్తే మా నాన్న డ్రమ్ము కూడా పోద్ది" అని పెట్టేసింది. రాత్రంతా ఆ ఒక్క ముక్క నన్ను పొడుస్తూనే ఉంది.

గోంగూర వలుస్తుంటే ఇప్పుడు నాకొకటి తట్టింది. ఆవిడ తట్టుకోగలదా అని ఆయన నన్ను అడిగాడు. నేను నన్నే అడుక్కుంటున్నాను. ఆవిడని మాత్రం ఎవరమూ అడగలేదు. మా ఆయన వత్సవాయిలో పొలానికి వెళ్ళాడు, భోజనం వేళకి గానీ రాడు.

"అత్తయ్యా, నేను వెళ్ళేది ట్యూషన్‌కి కాదు. పాటలు కట్టాను. ఒకటి మీ మాటలతో కట్టాను. వింటారా?" అన్నాను.

ఆవిడ గోంగూర కట్ట జరిపి చోటిచ్చింది. ఫోను ఇద్దరి మధ్యా పీట మీద పెట్టాను. ఆకు వలుస్తూనే వింది. ఇంగువ దగ్గర చెయ్యి ఆగింది. మళ్ళీ కదల్లేదు. తోలు చిరిగి పాట ఆగిపోయాక నేను తిట్లకి సిద్ధంగా కూర్చున్నాను.

"తప్పు పాడావు" అంది.

"ఏం తప్పత్తయ్యా?"

"ఇంగువ వెయ్యం అన్నది నేను కాదు. మా అత్త, పున్నమ్మ. ముక్త్యాల నుంచి కాపురానికొచ్చిన మూడో రోజు పప్పులో చిటికెడు వేశా. గిన్నె తీసుకెళ్ళి గేదె కుడితిలో పోసింది. మా ఇంట్లో వెయ్యం అంది. మా అమ్మ వేసేది. నాకు ఇంగువంటే ప్రాణం. తిని నలభై రెండేళ్ళయింది."

"ఆవిడ పోయాకైనా వేసుకోవచ్చుగా?"

ఒక కాడ తుంచి పక్కన పడేసింది. "ఏమోనమ్మా. అప్పటికి అలవాటైపోయింది. తర్వాత నువ్వొచ్చావ్. నీకు చెప్పాల్సొచ్చింది."

నా కోపం అక్కడితో పోయిందని అబద్ధం చెప్పను. తొమ్మిదేళ్ళు నన్ను నా వంటింట్లోనే పరాయిదాన్ని చేసిన మనిషి ఆవిడ. కానీ తనకిష్టమైనది నలభై రెండేళ్ళు తినని మనిషి కూడా ఆవిడే. కోపమూ జాలీ రెండూ కలిసొస్తే ఏం చేయాలో నాకు తెలియలేదు. ఆకు వలిచాను.

"ఇంకోసారి పెట్టు" అంది. ఈసారి పాటతో పాటు పెదాలు కదిపింది. చివర్లో, "ఆ చిరిగిందేంటి?" అని అడిగింది. డ్రమ్ము తోలని చెప్పాను. "బానే చిరిగింది" అంది.

"మీ పేరు వెయ్యనా అత్తయ్యా, రచన అని?"

"నా పేరెందుకే? వేస్తే మా అత్తది ముందు వెయ్యి. పెద్దది."

వీధి చివర కొట్టుకి వెళ్ళి ఇంగువ డబ్బా తెచ్చాను. గోంగూర పప్పుకి తాలింపు ఆవిడే వేసింది. అది చిటపటలాడుతుండగా నేను గుమ్మంలో నిలబడి ఫారం నింపేసి పంపేశాను.

ఒంటిగంటకి మా ఆయన వచ్చి కంచం ముందు కూర్చున్నాడు. నేనూ నా కంచం తెచ్చుకుని పక్కన కూర్చున్నాను. ఆయన నా వంక వింతగా చూశాడు.

"ఆరోది తీసేశావా?"

"లేదండి, పంపేశాను. మీరన్నదే నిజం, అవి నా మాటలు కావు. అందుకే ఎవరి మాటలకి వాళ్ళ పేరే రాశాను. ఆరోది మీ నాయనమ్మదీ అత్తయ్యదీ. మూడోది మీది."

"అమ్మా, ఇది ఏం చేసిందో తెలుసా?" అన్నాడు గట్టిగా.

"విన్నా. రెండుసార్లు" అంది మా అత్తగారు, పప్పు గిన్నెతో వస్తూ. ఆయన కంచంలో వేసింది.

ఆయన ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు. మొహం చిట్లించాడు. "ఇదేంటి ఈ వాసన? మా ఇంట్లో ఇంగువ..."

"వేస్తాం" అంది మా అత్తగారు, నా కంచంలో గరిటెడు వడ్డిస్తూ.