పంటికింద కర్ర

కర్ర బాబాయి ఎడమచేతిని తిరగేసి వ్యాను బానెట్‌కి ఆనించాడు, పసిపిల్లకి జ్వరం చూసినట్టు. రేకు చల్లగా తగిలింది.

"రాత్రి ఎవరూ తాళం తిప్పలేదుగా?"

"తాళం నా కొంగునే ఉంది బాబాయ్. నిద్రలో కూడా తియ్యలేదు," అంది వ్యాను నడిపే అమ్మాయి.

అమ్మాయి అన్నమాటే గానీ ఆమెకి నలభై దాటాయి. రోజు విడిచి రోజు, తెల్లవారేసరికి ముగ్గురు కిడ్నీ రోగుల్ని ఎక్కించుకుని ఆసుపత్రికి తీసుకెళ్తుంది. మిషను వాళ్ళ రక్తం శుభ్రం చేసేదాకా కూర్చుని మళ్ళీ ఇళ్ళ దగ్గర దింపుతుంది. అందులో ఒకాయనది చక్రాల కుర్చీ. ఆ కుర్చీ ఎక్కడానికి వ్యాను వెనక చెక్క వాలు కొట్టించింది కూడా ఆమే. అంత పొద్దున్నే అలాంటి బండి ఇంకొకటి దొరకదు.

ఆ వ్యానుకి నెల రోజులుగా ఒక రోగం పట్టుకుంది. పొద్దున మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు రేకు డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టు గలగలమంటుంది. మూడు క్షణాలు, అంతే. ఆ తర్వాత రోజంతా ఏమీ ఎరగనట్టు నడుస్తుంది. మెకానిక్ షెడ్డు ఓనరు విని, ఇంజిను దించి విప్పాల్సిందే, పన్నెండు రోజులు పడుతుందని తేల్చేశాడు. పన్నెండు రోజులంటే ఆ ముగ్గురికీ ఆరు ప్రయాణాలు. ఒక్కటి తప్పినా కాళ్ళు ఉబ్బి, ఊపిరాడక మంచం పడతారు. అందుకే బాబాయి ఓనరుని ఒక్క రోజు అడిగాడు. ఆ రోజు ఇదే. రేపు పొద్దున బండి ఆసుపత్రికి వెళ్ళాలి, లేదంటే ఇంజిను దిగాలి.

బాబాయి సంచీలోంచి కర్ర తీశాడు. మూరెడు పొడుగు, విరిగిన సుత్తి పిడి. నలభై ఏళ్ళుగా చేతి చెమటా ఆయిలూ తాగి నల్లగా నిగనిగలాడుతుంది. ఒక కొసని ఇంజిను పైమూతకి ఆనించి, రెండో కొసని ముందుపళ్ళతో కరిచి పట్టుకున్నాడు. వేలు పైకెత్తాడు.

ఆమె తాళం తిప్పింది. కర్రమీదుగా గలగల వచ్చి ఆయన దవడలో, కణతల్లో, పుర్రెలో మోగింది. మూడు క్షణాలు. ఆగిపోయింది.

"ఇక్కడ మోగుతోంది. ఎందుకు మోగుతోందో మాత్రం చెప్పలేదు," అన్నాడు కర్ర తీసి. "మళ్ళీ చల్లారాలి. సాయంత్రం నాలుగింటిదాకా ముట్టుకోవద్దు."

ఓనరు నవ్వాడు. కర్రా పళ్ళూ చూసి అతను చిన్నప్పటి నుంచీ నవ్వుతూనే ఉన్నాడు. వాళ్ళ నాన్న ఓనరుగా ఉన్న కాలంలోనే బాబాయి ఈ షెడ్డులో రేడియేటర్లకి నీళ్ళు మోస్తూ చేరాడు. తనతోపాటు చేరినవాళ్ళు తలా ఒక షెడ్డు పెట్టుకున్నారు. ఈయన పెట్టలేదు. ఎందుకు పెట్టలేదని ఎవరైనా అడిగితే, "బోర్డు రాయించుకుంటే దాని కింద కూర్చోవాలి. నాకు బండి కింద పడుకోవడమే వచ్చు," అనేవాడు.

చెవుల సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఇంజిన్లన్నీ కలిసి ఆయన కుడిచెవిని పదేళ్ళ కిందటే తినేశాయి, ఎడమది ఈ మధ్యనే. మనుషుల పెదాలు చూసి మాటలు అల్లుకుంటాడు. చెవిటి మెకానిక్కుని ఎవరు ఉంచుకుంటారు? తెలిసినదల్లా భార్యకే.

మధ్యాహ్నం ఆవిడ క్యారియర్ తెచ్చింది. ఎదురుగా కూర్చుని, మొహంలోకి చూస్తూ విడివిడిగా మాట్లాడింది.

"ముద్ద నమలమంటే పళ్ళు నొప్పంటారు. ఆ కర్రకి మాత్రం ఎక్కడ లేని బలం వస్తుంది."

"కర్రలో ఉప్పు ఎక్కువ కాదు," అన్నాడాయన.

ఆవిడ నవ్వాపుకుంటూ గిన్నె ముందుకి తోసింది. సగమే తిన్నాడు. ఎడమ భుజం పట్టేసినట్టుందని రుద్దుకున్నాడు. బండి కింద పడుకోవడం మానమని ఆవిడ అంది. ఆయన ఆ పెదాలకేసి చూడకుండా మంచినీళ్ళ చెంబు అందుకున్నాడు. వద్దనుకున్న మాటని ఆయన అలాగే తప్పించుకుంటాడని ఆవిడకి తెలుసు.

నాలుగయింది. బానెట్ మళ్ళీ చల్లబడింది. ఈసారి బాబాయి వ్యాను అమ్మాయికి కొత్త పని చెప్పాడు.

"తాళం తిప్పగానే ముందు అద్దం కింద ఆయిల్ బొమ్మ ఎర్రగా వెలుగుతుంది చూడు. అది వెలిగినంతసేపూ చెయ్యి కిటికీలోంచి పైకెత్తి ఉంచు. ఆరగానే దించెయ్."

కర్ర కరిచాడు. ఇంజిను గలగలమంది. ఆయన చూపు పైకెత్తిన ఆ చేతిమీదే ఉంది. దవడలో మోత ఆగిన క్షణానే చెయ్యి కిందికి దిగింది.

బాబాయి కర్ర తీసి పెదాలు తుడుచుకున్నాడు.

"ఇంజినుకి ఏ రోగమూ లేదు. దాహం. బండి ఆగి ఉన్నప్పుడు ఆయిలంతా కిందికి జారిపోతోంది. పొద్దున మళ్ళీ పైకి ఎక్కేదాకా ఇనుము పొడిగా కొట్టుకుంటోంది. అదే మోత."

కర్రని వ్యాను సీటుమీద పెట్టి, పక్కకి వంగి ఆయిల్ ఫిల్టరు డబ్బా విప్పాడు. ఆయిల్ వంపేసి, అంచున ఉన్న రంధ్రంలో చిటికెనవేలు పెట్టి తడిమాడు. అక్కడ రబ్బరు రెక్క ఉండాలి. ఆయిల్ వెనక్కి పోకుండా మూసుకునేది అదే. వేలికి ఉత్త రేకే తగిలింది.

ఆయన ఆ డబ్బాని తిరగేసి చూశాడు. తర్వాత ఓనరుని కేకేసి పిలిచాడు.

"ఇది నేను బిగించిందే. నెల కిందట. మర సరిపోయింది, కొలత సరిపోయింది. లోపల రెక్క ఉందో లేదో చూడలేదు. తప్పు నాది."

ఓనరు దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"పాతబడి పాడైందంటే సరిపోయేది కదా బాబాయ్. ఎవరికి తెలుస్తుంది?"

బాబాయి ఆ పెదాల్ని చివరిదాకా చదివాడు. "నాకు తెలిసిపోయిందిరా," అన్నాడు.

కొట్టు నుంచి తెప్పించిన మూడు డబ్బాల్లోనూ వేలు పెట్టి చూసి, ఒకటి ఏరి బిగించాడు. పనంతా అయ్యాక వ్యాను కిటికీ దగ్గరికొచ్చాడు.

"రేపు చల్లటి బండి స్టార్ట్ చేస్తే గాని నా మాట నిజమో కాదో తేలదు. మోగకపోతే నాకు ఫోన్ చెయ్యకు."

"ఎందుకని?"

"వినపడదమ్మా. రెండు చెవులూ పోయాయి. మా ఇంటి ముందు నుంచేగా నువ్వు వెళ్ళేది. లైట్లు రెండుసార్లు వేసి ఆర్పు. కిటికీ దగ్గరే పడుకుంటాను."

ఆమె ఆయన మొహంలోకి చూసి, అర్థమయ్యేలా తలూపింది. ఆ సంగతి ఎవరితోనూ అనలేదు.

మర్నాడు పొద్దున ఆమె ఊపిరి బిగబట్టి తాళం తిప్పింది. ఎర్రబొమ్మ వెలిగీ వెలగకముందే ఆరిపోయింది. గలగల లేదు. ఆమె సీటుకి ఆనుకుని మరి కాసేపు అలాగే విన్నది, ఇంజిను నడుస్తున్న చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. బాబాయి ఇంటి ముందు బండి నెమ్మదించి లైట్లు వేసింది, ఆర్పింది. మళ్ళీ వేసింది, ఆర్పింది. కిటికీ తెర కదల్లేదు. బాగా అలిసిపోయి ఉంటాడనుకుని, ముగ్గుర్నీ వేళకి ఆసుపత్రికి చేర్చింది.

తిరిగి వచ్చేసరికి ఆ ఇంటి ముందు చెప్పులు చాలా ఉన్నాయి. తెల్లవారుతుండగా నిద్రలోనే పోయాడట. గోడ వారగా కూర్చున్న ఆయన భార్య ఆమెని చూసి అడిగింది.

"పొద్దున లైట్లు వేసింది నువ్వేనా? నేను చూశానమ్మా. ఈయన భుజం తట్టి చెప్పాను కూడా, రెండుసార్లు వెలిగిందండీ అని. అప్పటికి ఒళ్ళు వెచ్చగానే ఉంది."

ఆ తర్వాతి ప్రయాణంలో, చక్రాల కుర్చీ దిగిన చెక్క వాలుని లోపలికి మడుస్తుంటే సీటు కింద ఏదో దొర్లింది. మూరెడు సుత్తి పిడి. ఒక కొస ఇంజిన్లకి ఆనీ ఆనీ నున్నగా అరిగిపోయింది. రెండో కొసన, నల్లటి చెక్కలో, ముందుపళ్ళు రెండూ దిగిన గుంటలు లోతుగా, పక్కపక్కనే ఉన్నాయి.