ఉత్తరం కింద దస్కతు

రూతమ్మ ఇసుర్రాయి తిప్పుతోంది. ఎదురుగా నులకమంచం మీద భర్త దేవసహాయం కూర్చుని ఫ్రెంచి వల్లె వేస్తున్నాడు. రాయి ఒక చుట్టు తిరిగేలోపు ఆయనకొక మాట అందించాలి.

"జ మపెల్ దేవసహాయం."

"జమ్మపల్లి దేవసహాయం."

"జమ్మపల్లి కాదు. జ మపెల్. నా పేరు అని."

"గదే కద నేనన్నది. ఆ గరగరల ఏమినవడ్తది? జర రాయి ఆపరాదు."

లోపలి నుంచి అత్త ఈదమ్మ అందుకుంది. "రాయి ఆపితే రొట్టె ఎట్లయితది? చెయ్యి తిరుగుతుంటే నోరు తిరగదా?"

రెండూ తిప్పింది రూతమ్మ. పదిహేను రోజులుగా తిప్పుతూనే ఉంది.

ఆమె తల్లి సికింద్రాబాదులో ఫ్రెంచి కన్యాస్త్రీల మఠంలో వంట చేసేది. ఆ వంటింట్లో గిన్నెలు తోముతూ, వాళ్ల తిట్లూ ప్రార్థనలూ వింటూ రూతమ్మ ఆ భాష నేర్చుకుంది. ఒక ముసలి సిస్టరు అది గమనించి పలక చేతికిచ్చింది. పందొమ్మిదో ఏట పెళ్లి కుదిరినప్పుడు, పిల్లకు ఏమొచ్చని ఈదమ్మ అడిగింది. ఫ్రెంచి వచ్చునన్నారు. "అది దేనితోటి నంజుకుంటరు?" అంది ఈదమ్మ. ఇల్లంతా నవ్వింది. రూతమ్మ కూడా నవ్వింది. అప్పటికి నవ్వడమే మర్యాద అనుకుంది.

సూర్యాపేటలో దేవసహాయం పెద్దపంతులుగా ఉన్న మిషను బడి ఫ్రాన్సులోని లియోన్ పట్నం ధర్మసంఘం సాయంతో నడుస్తుంది. రెండు నెలలకోసారి పిల్లల సంగతులు వాళ్లకు ఫ్రెంచిలో రాయాలి. పెళ్లయిన రెండో ఏట దేవసహాయం కాగితాలు తెచ్చి ఆమె ముందు పెట్టాడు. "నువ్వు రాయి, దస్కతు నేను పెడత. ఆడదాని దస్కతు సూస్తె బడికి ఇజ్జతేముంటది?" అదీ నిజమేననుకుంది. అంట్లు తోమి, అత్తకు కాళ్లు పిసికి, మిగిలిన పొద్దులో రాసేది. నాలుగేళ్లు రాసింది. రాయగా రాయగా ఆమెకొక సంగతి తెలిసింది. ఈ ఇంట్లో ఆమె 'నేను' అని మొదలుపెట్టిన మాటను చివరిదాకా ఎవరూ వినరు. కాగితం మీద మాత్రం 'నేను చూశాను, నేను అనుకుంటున్నాను' అని ఎంత దూరమైనా పోవచ్చు, ఎవరూ ఉప్పు తెమ్మని మధ్యలో పిలవరు. కానీ ఆ 'నేను' కింద దేవసహాయం పేరుండేది. లియోన్‌లో ఆ ఉత్తరాలు చదివేవాళ్లకు ఆమె ఒక మగవాడు.

కిందటి నెల హైదరాబాదు బస్సు మోసుకొచ్చిన టపాలో వాళ్ల జవాబు వచ్చింది. ఇంత చక్కటి ఫ్రెంచి రాసే పంతులుగారికి రెండేళ్లు లియోన్‌లో ఉపాధ్యాయ శిక్షణ ఇస్తాం, బొంబాయి నుంచి ఓడ టికెట్టు, అక్కడ బస, భోజనం మావే, చదువయ్యాక పుదుచ్చేరి ఫ్రెంచి బడుల్లో ఉద్యోగం చూస్తాం, స్త్రీలైనా పురుషులైనా అర్హులే అని రాశారు. సంఘం తరఫున ఒక ఫాదరు బెజవాడ నుంచి హైదరాబాదుకు కారులో పోతూ కోదాడ బంగళాలో గంటసేపు ఆగి, మనిషిని చూసి ఫారం నింపుకుంటాడట.

ఆ ఉత్తరం తెలుగులో చదివి చెబుతూ రూతమ్మ ఒక్కచోట ఆగింది. "ఆడోళ్లు గూడ పోవచ్చట," అంది.

"అయితే నువ్వు పోతవా?" దేవసహాయం నవ్వాడు. "వాళ్లు పిలిచింది నన్ను. పేరు సూడు."

చూసింది. పేరు ఆయనదే. నాలుగేళ్లుగా తన చేత్తోనే ఆ పేరుకు చోటు వదిలింది.

"దాని నోట్లె ఉన్నది నీ నోట్లెకు రాదా కొడుకా? ఒక్క కుండల కూడే కద తినేది," అని ఈదమ్మ తీర్పు చెప్పింది. ఆ రోజు నుంచే ఈ వల్లెవేత.

దాచుకోకుండా నేర్పింది రూతమ్మ. పది వాక్యాలు నేర్పింది. రేపు కోదాడ బస్సు ఎక్కాలనగా, పిండి ఎత్తుతూ ఒక్క మాటే అడిగింది. "ఉత్తరాలు రాసింది నేనని ఆ ఫాదరుకు మీరే చెప్పుండ్రి."

"పిస్సలేసిందా? చెప్తె బడి ఇజ్జత్ పోతది."

"మీరు చెప్పకుంటె నేను చెప్త."

దేవసహాయం మళ్లీ నవ్వాడు. "నువ్వా? సరేగని, ఎనుక నిలవడు. నేనేడన్న ఆగితే మెల్లగ అందియ్యి."

ఆయన నవ్వితే ఎప్పుడూ ఆమె మాట అక్కడితో అయిపోయేది. ఈసారి అయిపోలేదు. బస్సులో మునగాల దాటేదాకా ఆమె లోపల అదే మాట, తొణక్కుండా, నెత్తిన నీళ్లబిందెలా కూర్చుని ఉంది.

కోదాడ బంగళా కాపలాదారు తిరుపతయ్య ఎదురొచ్చాడు. "రండి పంతులుగారూ, దొరగారు లోపలున్నారండి. అమ్మగారు ఇక్కడ అరుగు మీద కూర్చుంటారు లెండి."

"నేనూ లోపలికే వచ్చిన," అని రూతమ్మ గడప దాటింది.

ఫాదరు నెరిసిన గడ్డం మనిషి. దేవసహాయం చేతులు కట్టుకుని పది వాక్యాలూ గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పాడు. ఫాదరు సంతోషంగా తలూపి, సంచిలోంచి ఒక ఉత్తరం తీసి, ఇది మీ గొంతుతో వినాలని ఉంది, చదవండి అన్నాడు. పోయినేడు రజాకార్ల గడబిడల్లో బడి మూతపడితే, చంద్రమ్మ అనే పిల్ల గొడ్లకొట్టం గోడ నిండా బొగ్గుతో అక్షరాలు దిద్దిన సంగతి రాసిన ఉత్తరం అది.

దేవసహాయం ఆమె వైపు తిరిగాడు. "ఏమంటుండు?"

"సదువుమంటుండు."

ఆయన జేబు తడుముకున్నాడు. కళ్లద్దాలు మర్చిపోయినట్టు చేతులతో సైగ చేసి, కాగితం ఆమెకిచ్చాడు. "కానియ్, నువ్వు సదువు."

రూతమ్మ చదివింది. రెండో వాక్యం తర్వాత కాగితం చూడనే లేదు. చంద్రమ్మ బొగ్గు, పేడవాసన, వాన వచ్చి గోడ కడిగితే ఆ పిల్ల ఏడవకుండా మళ్లీ మొదటి అక్షరం నుంచి దిద్దడం, అన్నీ ఆమె చూసినవే. చివర దస్కతు దగ్గర ఆగింది. ఆ పేరు చదవలేదు. కాగితం బల్ల మీద పెట్టి, ఈ ఉత్తరాలన్నీ రాసింది నేను, మా ఇంట్లో అలా నడిచింది, పిల్లలకు చదువు చెప్పడంలో మాత్రం నా భర్త లోటు చెయ్యలేదు, బడికి మీ సాయం ఆపవద్దు, లియోన్‌కు నేను వస్తాను అని ఫ్రెంచిలోనే నిదానంగా చెప్పింది.

దేవసహాయం చిరునవ్వుతో చూస్తున్నాడు. పని సాఫీగా అవుతోందని ఆయన ధీమా.

ఫాదరు ఇద్దరినీ చూసి, ఫారం ఆమె వైపు తిప్పి, పెన్ను మూత తీసి ఇచ్చి, పేరేమిటని అడిగాడు.

"జ మపెల్ రూతమ్మ."

ఆమె అన్న మాటలన్నిటిలో దేవసహాయానికి అర్థమైంది ఆ ఒక్కటే. పదిహేను రోజులు ఇసుర్రాయి ముందు కూర్చుని నేర్చుకున్నాడు మరి.