సుద్దముక్కతో పెట్టిన చుక్కలు

పదిహేడేళ్లుగా బట్టల ఫ్యాక్టరీలో కటింగ్ బల్ల ఆవిడదే. అందరూ కత్తెరమ్మ అనే పిలుస్తారు. ఈమధ్య రెండుసార్లు గుండె దడతో బల్ల పట్టుకుని నిలబడిపోయింది. ఫ్యాక్టరీ డాక్టరు గుండె పరీక్ష చేసే వేళకి దడ తగ్గిపోయి, కాగితం మీద గీతలు బుద్ధిగా వచ్చాయి. ఆయన ‘ఆందోళన’ అని రాసిచ్చాడు. సూపర్‌వైజర్‌కి ఆ ఒక్క మాట చాలింది. నెలాఖరుకల్లా ప్యాకింగ్‌కి మారిపొమ్మన్నాడు.

“ఆందోళనో కాదో తేల్చుకొస్తాను సార్. అప్పటిదాకా నా బల్ల ఎవరికీ ఇవ్వద్దు,” అంది.

ఆదివారం మధ్యాహ్నం ఆవిడ కునుకు తీస్తుంటే, పక్కనే కాజాలు కుడుతున్న అత్తగారి చేతిలో సూది ఆగింది. కోడలి గురక ఆగిపోయింది, ఊపిరి కూడా. పదకొండు లెక్కపెట్టేసరికి కోడలు ఉలిక్కిపడి గాలి పీల్చుకుంది. గంటలో ఎనిమిదిసార్లు అదే తంతు.

“ఇన్నాళ్లూ గురకని దెప్పాను గానీ, అది ఆగితేనే నా ప్రాణం పోయిందే,” అంది అత్తగారు.

లేచిన కాసేపటికే దడ. ఈసారి దడ జాడ దొరకబుచ్చుకోవాలని కత్తెరమ్మ దారం తీసేసిన కుట్టు మిషన్‌లో నల్లగుడ్డ పేలిక పెట్టి, అత్తగారిని తొక్కమంది. నలభై ఏళ్లుగా ఒకే తీరున ఆడిన కాలు అది. గుడ్డ ఒకే వేగంతో జారింది. ఆవిడ ఎడమ వేళ్లు మెడ నాడి మీద ఆనించి, అది కొట్టుకున్నప్పుడల్లా కుడిచేత్తో గుడ్డ మీద ఒక సుద్ద చుక్క పెట్టింది. కొన్ని ఒకదాన్నొకటి ఒరుసుకున్నాయి, కొన్నిటి మధ్య బెత్తెడు ఖాళీ.

పెద్దాసుపత్రి డాక్టరమ్మ పేలిక చూసి నవ్వబోయి ఆగింది. మెడ తడిమి చూసింది. బరువేమైనా తగ్గిందా అని, నిద్ర ఎలా ఉందని అడిగింది. రోజంతా గుండెని రాసే పరికరం కట్టింది. రక్తపరీక్ష, నిద్ర పరీక్ష రాసింది. థైరాయిడ్ మితిమీరి పనిచేస్తోందని, నిద్రలో ఊపిరి ఆగుతోందని, ఆ రెండూ కలిసి గుండె లయని చెడగొడుతున్నాయని తేలింది. రెండింటికీ వైద్యం ఉందట. గుండె కుదుటపడేదాకా కరెంటు కత్తెర మాత్రం ముట్టొద్దంది.

నెలాఖరున సూపర్‌వైజర్ బదిలీ కాగితం ముందుకి తోశాడు. కత్తెరమ్మ అందులో కారణంగా రాసిన ‘ఆందోళన’ని కొట్టేసి, పైన రెండు జబ్బుల పేర్లూ గుండ్రంగా రాసింది. సంతకం పెట్టలేదు.

“మందు పనిచేసేదాకా కూర్చుని గుడ్డ మీద కోత గుర్తులు గీస్తాను. ఈ బల్ల దగ్గరే.”

ఆయన కాగితం రెండుసార్లు చదివాడు. తన కుర్చీ లాక్కొచ్చి బల్ల దగ్గర వేశాడు. ఆవిడ కూర్చుని, సుద్దముక్క అందుకుంది.