బ్రేకు చీటీ

మధ్యాహ్నం దాటింది, గుండీలమ్మ వంతు ఇంకా రాలేదు. కమిషన్ ఆఫీసు వరండాలో ఉన్నవి రెండు బెంచీలు, వచ్చిన జనమేమో వాటికి మూడింతలు. పొద్దున్నుంచీ గోడకానుకుని నిలబడి ఆమె కాళ్ళు తిమ్మిరెక్కాయి. మంచినీళ్ళ కుండ వరండా ఆ చివర ఉంది. అక్కడికి పోయి వచ్చేలోగా తన నంబరు పిలిస్తే గతేం కాను?

"ఎండిపోయినా సరే, కదలకమ్మా," అన్నాడు బెంచీ చివర చేతిసంచీ ఒళ్ళో పెట్టుకు కూర్చున్న ముసలాయన. "పోయినసారి నేను నీళ్ళకని వెళ్ళానంతే. వచ్చేసరికి పిలిచారు, పలకలేదన్నారు, నా అర్జీ కొట్టేశారు. మళ్ళీ ఈ తేదీ పడేసరికి నా పళ్ళు రెండు ఊడాయి."

ప్రభుత్వాఫీసు తన దగ్గరున్న కాగితం చూపించనంటే, చూపించమని చెప్పడానికే ఈ కమిషన్ పెట్టారు. మాట వినడానికి ఎంత చల్లగా ఉందో! ఆ చల్లదనం కోసమే జనం ఇలా ఏళ్ళ తరబడి ఎండుతున్నారు. గుండీలమ్మ కుండవైపు చూడడం మానేసింది.

దర్జీ కొట్లో చొక్కాలకి గుండీలు కుడుతుంది కాబట్టి ఆమెకా పేరు. బస్సు బోల్తా పడ్డాక వీధిలో ఆ పేరూ పోయింది. ఇప్పుడు 'జనాన్ని చంపిన డ్రైవరు పెళ్ళాం' అంటున్నారు. ఎదురుగా అనరు, వినపడేలా అంటారు.

వాలు రోడ్డు మీద బస్సు అదుపు తప్పి కాలవలో పడింది. ఆరుగురు పోయారు. డ్రైవరుకి రెండు కాళ్ళూ నుజ్జయ్యాయి. అతను కళ్ళు తెరవకముందే డిపోవాళ్ళు తేల్చేశారు: డ్రైవరు నిద్రపోయాడు. కానీ ఆ వారమంతా ఇంటికొచ్చి చొక్కా విప్పుతూ అతనిది ఒకటే సణుగుడు. "బ్రేకు దిగిపోతోందే. చీటీ మీద చీటీ రాసిచ్చి చస్తున్నా. దున్నపోతు మీద వాన కురిసినట్టే." బండిలో ఏ లోపమున్నా డ్యూటీ దిగేటప్పుడు డ్రైవరు చీటీ మీద రాసి షెడ్డులో ఇవ్వాలి. అతను మూడు చీటీలు ఇచ్చాడు. ఆ మూడూ బయటపడితే తప్పెవరిదో లోకానికి తెలుస్తుంది.

బయటపడకపోతే ఉద్యోగం పోతుంది, దానితో మందులు పోతాయి, ఆపైన జైలు. అవన్నీ ఒక ఎత్తు. ఈమధ్య మంచంలోంచి గోడకేసి చూస్తూ అతనన్న మాట ఒక్కటీ ఒక ఎత్తు. "నిజంగానే కునుకు పట్టిందేమోనే. ఇంతమంది అంటున్నారంటే." ఆ రోజునుంచి అతను ముద్ద సరిగా ముట్టడం లేదు. మనిషి చేత చేయని తప్పు ఒప్పించడానికి కొట్టక్కర్లేదు, నలుగురూ అదే మాట రోజూ అంటే చాలు. గుండీలమ్మకి ఆ నలుగురి మీదా కోపమొచ్చింది, నమ్మేసినందుకు మొగుడి మీదా కోపమొచ్చింది. ఏడ్చి, మర్నాడు మళ్ళీ గుండీలు కుట్టడానికి పోయింది.

మొదటి అర్జీ కోర్టు గేటు దగ్గర కూర్చునే అర్జీల తాత రాశాడు. రెండు రోజుల కూలీ పుచ్చుకుని, 'నా భర్త నడిపిన బస్సుకు బ్రేకు ఎందుకు పడలేదు?' అని గుండ్రంగా రాసిచ్చాడు. ఎందుకు అనే ప్రశ్నలకు జవాబు చెప్పే బాధ్యత మాకు లేదు, ఉన్న కాగితం ఏదైనా అడిగితే పరిశీలిస్తాం అని జవాబొచ్చింది. తాత బుర్ర గోక్కున్నాడు. "పోన్లేమ్మా, ఈసారి కాగితాన్నే అడుగుదాం," అని ఇంకో రెండు రోజుల కూలీ పుచ్చుకున్నాడు. విచారణ జరుగుతోంది కాబట్టి చీటీలు ఇవ్వం అని డిపో జవాబిచ్చింది. ఆ పై ఆఫీసరుకి పెట్టుకుంటే ఆయన అసలు జవాబే ఇవ్వలేదు. చివరికి కమిషన్ గడప తొక్కితే, ఇక్కడ తేదీ రావడానికే ఏడాది పైన పట్టింది.

షెడ్డు మెకానిక్ ఇంటికీ వెళ్ళింది. అతను డ్రైవరుతో ఒకే పళ్ళెంలో తిన్నవాడు. "ఆ చీటీలు నా చేత్తోనే తీసుకున్నా వదినా, కాదనను. కానీ ఆ మాట అక్కడికొచ్చి చెప్పమనకు. నాకూ పిల్లలున్నారు," అని తలుపు ఓరగా పట్టుకునే నిలబడ్డాడు. తిడదామని వెళ్ళిన మనిషి తిట్టలేక తిరిగొచ్చింది. ఇక డిపో విచారణాధికారి పోయిన వారం ఆఖరి మాట చెప్పేశాడు: "బ్రేకు గురించి రాతలో ఏమైనా ఉంటే సోమవారంలోగా తీసుకురా. తేకపోతే లేదనే అనుకుంటాం."

అదిగో, నంబరు పిలిచారు.

లోపల గది చిన్నది. గోడ పొడవునా కాగితాల కట్టలు, పైన కిర్రుమనే పంకా. బల్లకి అటువైపు కమిషనరు, పక్కన టైపు చేసే గుమాస్తా, గుమ్మంలో నంబర్లు పిలిచే బంట్రోతు. ఇటువైపు డిపో ఆఫీసరు అప్పటికే కూర్చుని ఉన్నాడు. అర్జీదారుకి మిగిలింది ఒక్కటే కుర్చీ.

"కూర్చోమ్మా," అన్నాడు కమిషనరు.

బస్సు పడ్డాక ఆమెను కూర్చోమన్న మొదటి ఆఫీసరు ఆయనే. అంత చిన్న మాటకే గుండీలమ్మ కళ్ళు చెమర్చాయి.

"ఏం కావాలమ్మా?"

"బ్రేకు చీటీలండి. మా ఆయన రాసిచ్చినవి."

కమిషనరు డిపో ఆఫీసరు వైపు తిరిగాడు. "ఎందుకివ్వలేదు?"

"అప్పుడు విచారణ జరుగుతోందని ఇవ్వలేదు సార్. ఇప్పుడు ఇద్దామన్నా లేవు. షెడ్డు చీటీలు ఏడాది దాటితే చించేయమని రూలుంది. చించేశాం."

"ఆవిడ అడిగాక ఎలా చించుతారయ్యా?"

గుండీలమ్మ ప్రాణం లేచొచ్చింది.

"అది పాత ఆఫీసరుగారి హయాంలో సార్. ఆయన రిటైరైపోయారు."

కమిషనరు నిట్టూర్చాడు. చెడ్డవాడు కాదు. పొద్దున్నుంచీ ఇలాంటివి విని విని అలిసిపోయాడు, అంతే. "లేని కాగితాన్ని నేనెక్కణ్ణుంచి ఇప్పించనమ్మా? లేదని వీళ్ళ చేత ప్రమాణ పత్రం మాత్రం రాయించగలను."

"తెచ్చాను సార్," అన్నాడు డిపో ఆఫీసరు. ఇంటి దగ్గరే టైపు చేయించుకొచ్చినట్టున్నాడు, సంతకంతో సహా సంచీలోంచి తీశాడు. కమిషనరు పైకి చదివాడు: "సదరు బస్సు బ్రేకుల విషయమై డ్రైవరు ఇచ్చిన ఫిర్యాదు చీటీ ఏదియు మా రికార్డులలో లేదు." తర్వాత గుమాస్తాకి చెప్పాడు. "సమాచారం లేదని తెలిపినందున వివాదం పరిష్కారమైనది. రాసుకో. కాపీ ముట్టినట్టు ఇక్కడో సంతకం పెట్టమ్మా."

ఆమె కలం అందుకుంది. ఇంత తిరిగినదానికి ఏదో ఒక కాగితం చేతికొస్తోంది కదా అనుకుంది.

"ఇంకో కాపీకి కూడా సీలు వేయించండి సార్," అన్నాడు డిపో ఆఫీసరు వినయంగా. "సోమవారం విచారణలో పెట్టాలి."

గుండీలమ్మ చెయ్యి ఆగిపోయింది.

సోమవారం! కొరివితో తల గోక్కోవడమంటే ఇదే. మొగుణ్ణి బయటపడేసే కాగితం కోసం ఏడాది పైన తిరిగి తిరిగి, ముంచేసే కాగితాన్ని తనే కమిషన్ సీలుతో పుట్టించి వాళ్ళ చేతికిస్తోంది. డ్రైవరు చీటీ రాయనే లేదు, ఇదిగో సాక్ష్యం, పెళ్ళాం అడిగితేనే తేలింది అంటారు. కలం బల్ల మీద పెట్టేసింది.

"అయ్యా, ఇందులో లేదు అనుంది. చించేశాం అని లేదండి."

"రెండూ ఒకటేనమ్మా," అన్నాడు డిపో ఆఫీసరు. "చించేస్తే లేనట్టే కదా."

"ఒకటెట్లా అవుతుందండి? మా అమ్మ చచ్చిపోయింది, ఇప్పుడు లేదు. అందుకని నన్నెవరూ కనలేదంటారా?"

టైపు చప్పుడు ఆగింది. కమిషనరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఆవిడ అడిగేది సబబే. చించేసినట్టు రాసివ్వండి."

"ఏ చీటీలు చించామో లెక్క లేదు సార్. బ్రేకువో, హారనువో ఎవరికి తెలుసు? తెలియనిదాన్ని ప్రమాణం చేసి ఎలా రాయను?"

"బ్రేకువి కావని మాత్రం తెలుసా అండి?" అంది గుండీలమ్మ.

డిపో ఆఫీసరు పంకా వైపు చూశాడు. కమిషనరు గడియారం వైపు చూశాడు. "చూడమ్మా, బయట ఇంకా బోలెడు మంది ఉన్నారు. నువ్వు సంతకం పెట్టినా పెట్టకపోయినా ఉత్తర్వు ఉత్తర్వే. నచ్చకపోతే పై కోర్టుకి వెళ్ళు."

"పెట్టనండి."

"సరే. నిరాకరించినట్టు రాసుకో," అన్నాడు గుమాస్తాతో. "ఇక వెళ్ళు."

ఆమె లేవలేదు. అది ధైర్యమేమీ కాదు. ఈ కాగితం పట్టుకుని ఇంటికి పోతే మంచంలో మనిషి చదువుతాడు. 'చూశావా, నేను అసలు రాయనే లేదట' అని గోడవైపు తిరుగుతాడు. మళ్ళీ ఇటు తిరగడు. పై కోర్టుదాకా ఆ మనిషి ఉండడు.

"మీరే కూర్చోమన్నారు కదండి," అంది. "అది మార్చి రాసేదాకా కూర్చుంటాను."

"లే తల్లీ, నీకెందుకొచ్చిన గొడవ," అని బంట్రోతు వంగి చెవిలో చెప్పాడు. ఆమె కుర్చీ చేతులు రెండూ పట్టుకుంది. చేసేది లేక అతను గుమ్మంలోకి పోయి తర్వాతి నంబరు పిలిచాడు.

చేతిసంచీ ముసలాయన వచ్చాడు. గదినీ, ఆమె మొహాన్నీ, బల్ల మీద కలాన్నీ చూశాడు.

"ఆవిడ లేస్తుంది, మీరు కూర్చోండి," అన్నాడు బంట్రోతు.

"తొందరేం లేదు బాబూ," అన్నాడు ముసలాయన. సంచీ కింద పెట్టి, కుర్చీ వీపు పట్టుకుని ఆమె వెనకాల నిలబడ్డాడు. "ఆవిడది అయ్యాకే నాది."

"మీ అర్జీ మళ్ళీ కొట్టేస్తారు పెద్దాయనా," అంది గుండీలమ్మ తల తిప్పకుండా.

"ఊడడానికి ఇంకెన్ని పళ్ళున్నాయిలే."

"సార్, నా కాపీకి సీలు..." అన్నాడు డిపో ఆఫీసరు.

సీలు కమిషనరు చేతికందేంత దూరంలోనే ఉంది. ఆయన దాన్ని ముట్టుకోలేదు. ముట్టుకోనని అనలేదు కూడా.